బ్రౌన్ షుగర్ బదులు బెల్లం తురుము వేసి బిస్కెట్లు పాడు చేసుకున్నా, ఇంట్లో చేసుకునే దారేమైనా ఉందా?

సీమమిరప, అనంతపురం

అందరికీ నమస్కారం. మాది అనంతపురం పాతూరు. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటాను. పోయిన దసరాకు మావాడు బెంగళూరు నుంచి వస్తూ ఒక ఓటీజీ, అదే కేకులు కాల్చే కరెంటు ఓవెన్, మోసుకొచ్చాడు, కేకులు నేర్చుకోమ్మా అని. నేను నేర్చుకునే లోపు మావారు దాని మీద రెండు నెలలు కరెంటు బిల్లులు, పాత పేపర్లు పెట్టుకున్నారు.

మావాడికి చాక్లెట్ ముక్కలు వేసిన మెత్త బిస్కెట్లంటే ప్రాణం. కుకీలు అంటారు కదా, అవి. ఆఫీసులో వాడి స్నేహితుడి అక్క కొలతలు రాసిస్తే ఫోన్‌లో పంపాడు. మైదా, వెన్న, గుడ్డు, వంటసోడా అన్నీ ఉన్నాయి. ఒక్కచోట ఆగిపోయాను. "బ్రౌన్ షుగర్ 1 కప్పు, ప్యాక్డ్" అని ఉంది. ప్యాక్డ్ అంటే ప్యాకెట్‌లో అమ్మేది కాబోలు, విడి చక్కెర వద్దంటున్నారు కాబోలు అనుకున్నా. కప్పులో గట్టిగా అదిమి కొలవమని అర్థమట. నవ్వుకోండి, మావాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

సప్తగిరి సర్కిల్ వైపు ఒక పెద్ద షాపులో చూస్తే లావు పలుకుల బంగారు రంగు చక్కెర ఉంది. దాని మీద డెమెరారా అని రాసుంది, బ్రౌన్ షుగర్ అని లేదు. రేటు చూసి మళ్లీ అరలో పెట్టేశాను. నల్లబెల్లం వేస్తే రంగైనా వస్తుందని మా వీధి చివర కిరాణా కొట్టుకు పోయి అడిగాను. కొట్టాయన తూకం ఆపి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏంటికమ్మా? సారాయి కాస్తావా ఏంది?" అన్నాడు. నల్లబెల్లం మీద ఎక్సైజ్ వాళ్ల కన్ను ఉంటుందంట, అట్లాంటిది తన కొట్టులో పెట్టడంట. నలుగురు చూస్తుండగా అడిగాడు. బిస్కెట్లకు అంటే ఎవరు నమ్ముతారు?

చివరికి ఇంట్లో ఉన్న మామూలు బెల్లమే తురిమి, కప్పు నిండా అదిమి వేశాను. 180 డిగ్రీలు, పన్నెండు నిమిషాలు. ఏడో నిమిషానికి బెల్లం పలుకులు కరిగి బిస్కెట్ల కింద నుంచి బయటికి కారడం మొదలుపెట్టాయి. పదో నిమిషానికి ఆ కారింది మాడి పొగ. తీసి చూస్తే అన్నీ దోసెల్లా పరుచుకుని ఒకదానికొకటి అంటుకున్నాయి. ట్రేను అట్లకాడతో గీకాల్సి వచ్చింది. మావాడు ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి, ఆగి, "అమ్మా, ఇందులో ఇసుక కూడా వేయమని రాసిందా?" అన్నాడు. నిజమే, పంటి కింద కరకరమంది. కాస్త ఉప్పగా కూడా ఉంది.

మొలాసిస్ అనేది కలిపితే బ్రౌన్ షుగర్ అవుతుందని ఎక్కడో చదివాను. అది మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? దొరకకపోతే ఇంట్లో ఉన్నవాటితో ఎట్లా చేసుకోవాలి? ఇంకొకటి, మావారికి ఈ మధ్యే షుగర్ వచ్చింది. "బ్రౌన్ అయితే నేను కూడా తినొచ్చు" అని ఆశగా చూస్తున్నారు. అది కూడా ఎవరైనా తేల్చండి.


బురుజు బేకర్, కర్నూలు

అక్కా, ముందు ఆ ఇసుక మాట చదివి ఫోన్ పక్కన పెట్టి నవ్వాను, క్షమించండి. నేను పుట్టినరోజు కేకులు ఆర్డర్ మీద చేస్తాను. మొదట్లో నేనూ ఇట్లాగే బెల్లంతో ఒక ట్రే తగలబెట్టాను.

బ్రౌన్ షుగర్ అనేది వేరే చక్కెరేమీ కాదు. తెల్ల చక్కెరకు మొలాసిస్, అంటే చక్కెర తయారీలో మిగిలే నల్లటి చిక్కటి పాకం, పట్టిస్తే అదే బ్రౌన్ షుగర్. ఫ్యాక్టరీల్లో కూడా చాలా చోట్ల చేసేది అదే. చక్కెర పలుకుల నుంచి మొలాసిస్ అంతా తీసేసి, తెల్లగా శుద్ధి చేసి, మళ్లీ కొలత ప్రకారం దానికే పట్టిస్తారు. తీసినందుకు ఒకసారి, కలిపినందుకు ఇంకోసారి మన దగ్గర డబ్బులు.

ఇంటి కొలత: 200 గ్రాముల చక్కెరకు ఒక టేబుల్ స్పూన్ మొలాసిస్ అయితే లేత రంగుది, రెండైతే ముదురుది. ఫోర్కుతో మొదలుపెట్టి తర్వాత చేత్తో రుద్దాలి. మొదటి రెండు నిమిషాలు నల్ల ఉండలు ఒకపక్క, తెల్ల చక్కెర ఒకపక్క ఉండి, ఇది కలిసే పని కాదు అనిపిస్తుంది. ఐదు నిమిషాలకు రంగు మొత్తం పాకుతుంది. ఒక మాట, మన దగ్గర దొరికే చక్కెర పలుకు లావు. మిక్సీలో రెండంటే రెండు సార్లు తిప్పి ఆపేయండి. పొడి చేయొద్దు, పొడైతే బిస్కెట్ తీరే మారిపోతుంది.

మీ బిస్కెట్లు ఎందుకు పారాయంటే, తురుము చక్కెర పలుకులా వెన్నలో కలవదు. ముద్దలుగా ఉండిపోయి, వేడికి కరిగి బయటికి వచ్చేస్తుంది. బ్రౌన్ షుగర్ వేస్తే మెత్తగా ఎందుకుంటాయంటే, మొలాసిస్‌లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి, అవి తేమను వదలవు. దానికి కొంచెం పులుపు గుణం కూడా ఉంది. వంటసోడా ఆ పులుపుతో కలిసి పొంగుతుంది.

డెమెరారా కొనకపోవడం మంచిదయింది. అది కాఫీలోకి, కేకు పైన చల్లుకోవడానికి బాగుంటుంది. లావు పలుకు, పొడిపొడిగా ఉంటుంది, వెన్నలో త్వరగా కరగదు. బ్రౌన్ షుగర్ అని ప్యాకెట్ దొరికినా వెనక తిప్పి చదవండి. కారమెల్ కలర్ అని గానీ, దాని కోడ్ నంబరు ఐఎన్‌ఎస్ 150 అని గానీ ఉంటే రంగు కోసం అది కూడా కలిపారని అర్థం.

మొలాసిస్ మాత్రం నాకు కర్నూలులో కొట్లలో దొరకలేదు. ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకుంటాను.


హిందూపురం కుర్రాడు

ఇంత తిప్పలు ఏంటికి అక్కా? తెల్ల చక్కెర వేసి చేయండి. మీవాడు తినకపోతే మాకు పంపండి.


బురుజు బేకర్, కర్నూలు

తమ్ముడూ, ఉత్త తెల్ల చక్కెర వేస్తే పటపటమని విరిగే బిస్కెట్ వస్తుంది. అదీ బాగుంటుంది, కాదనను. కానీ వాళ్లబ్బాయి అడిగింది మెత్తది. పైగా ఆ కొలతల్లో వంటసోడా ఉంది. పులుపు లేనప్పుడు సోడా ఎక్కువైతే నాలుకకు సబ్బు రుచి తగులుతుంది. తెల్ల చక్కెరతోనే చేయాలంటే సోడా బదులు బేకింగ్ పౌడర్ వాడాలి.


పెన్నొడ్డు, చెన్నూరు (కడప)

అమ్మా, నాకు బిస్కెట్లు చేయడం రాదు. బెల్లం వండటం వచ్చు. అందుకే రాస్తున్నా.

మీరు మొలాసిస్ అంటున్నది మేము మడ్డి అంటాం. మా ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో మా నాయన చెరకు బండి తోలేవాడు. గేటు ముందు బండ్లు వరసగా, రాత్రి అక్కడే పడక. ఆ మడ్డి వాసన చొక్కాకు పట్టేది, మా అమ్మ ఉతికినా పోయేది కాదు. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది. టన్ను చెరకు ఆడితే సుమారు క్వింటాలు చక్కెర, నలభై కిలోల పైన మడ్డి వచ్చేది. ఆ మడ్డిని ఊరికే ఎవరికీ ఇవ్వరు. దాంతో సారా చేస్తారు కాబట్టి అది ఎక్సైజ్ వాళ్ల అదుపులో ఉంటుంది, పర్మిట్ లేనిదే ట్యాంకరు కదలదు. మీ కొట్టాయన భయపడింది ఊరికే కాదు.

పశువుల దాణాలో కూడా మడ్డి కలుపుతారు. ఎవరో ఒకరు దాణా కొట్టులో అడుగు అని సలహా ఇస్తారు, వినొద్దు. చక్కెర అంతా పిండుకున్నాక మిగిలిన ఆఖరి మడ్డి అది. చేదు. మనుషులు తినే శుభ్రంతో తయారైంది కాదు.

ఇంతకీ మీకు మడ్డి ఏంటికి? బెల్లంలో ఉన్నది అదే కదా. చెరకు రసంలోంచి మడ్డి తీసేస్తే చక్కెర, తీయకుండా గట్టిపరిస్తే బెల్లం. కాబట్టి బెల్లాన్ని తురుముగా కాకుండా పాకంగా చేసి చక్కెరకు పట్టించండి. మా కోడలు కేకులకు ఇట్లాగే చేస్తుంది, చూసి రాస్తున్నా.

300 గ్రాముల చక్కెరకు 120 గ్రాముల బెల్లం, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు. బెల్లం చితగ్గొట్టి మందపాటి గిన్నెలో సన్న మంట మీద కరిగించండి. కరిగాక స్టీలు జల్లెడలో వేడి మీదే వడకట్టండి. మీవాడికి తగిలిన ఇసుక అక్కడ ఆగిపోతుంది. గిన్నె కడిగి మళ్లీ పొయ్యి మీద పెట్టి రెండు మూడు నిమిషాలు కాగనిస్తే లేత తీగ పాకం వస్తుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పొట్టి తీగ సాగి తెగాలి. నీళ్లలో చుక్క వేస్తే చెదిరిపోవాలి. ఉండ కట్టిందంటే దాటిపోయినట్టే, దానితో చెనక్కాయ ఉండలు చేసుకోవాల్సిందే. దించాక వేలు పెట్టగలిగేంత వేడికి రానిచ్చి, చక్కెర మీద కొద్దికొద్దిగా పోస్తూ చేత్తో రుద్దండి.

బెల్లం ఎంచుకునేటప్పుడు పసుపుపచ్చగా మెరిసేది తీసుకోవద్దు. చాలావరకు అది హైడ్రోస్ అనే మందు వేసి తెలుపు చేసింది. గానుగ దగ్గర రసం కాగేటప్పుడు పైకొచ్చే తెట్టు తీయడానికి సున్నపు తేట పోస్తాం. బెండ చెట్టు కాండం నలగ్గొట్టి ఆ జిగురు పోసేవాళ్లు కూడా ఉన్నారు. దానికే రసం తేటపడుతుంది. మందు వేసేది అంగట్లో కంటికి బాగుండాలని. ముదురు ఎరుపు దిమ్మె తీసుకోండి, నల్లబెల్లం అని అడగొద్దు, రంగు మీరే చూసి తీయండి. ఉప్పగా ఉందన్నారు కదా, చౌడు నేలలో పండిన చెరకైనా కావాలి, మందు ఎక్కువ పడిందైనా కావాలి. కొనే ముందు గోరంత ముక్క నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది.


తాడిపత్రి కోడలు

పెద్దాయన చెప్పింది ఓపిక ఉన్నవాళ్లకు. నాలాంటి బద్ధకస్తులకు ఖర్జూరం సిరప్. ఇది కిరాణా కొట్లో, మందుల షాపులో కూడా దొరుకుతుంది. 200 గ్రాముల చక్కెరకు ఒకటిన్నర టేబుల్ స్పూన్, పొయ్యి వెలిగించే పని లేదు. రంగు బాగా వస్తుంది. వాసన మాత్రం ఖర్జూరందే, చాక్లెట్ బిస్కెట్లలో అయితే తెలియదు. ఉత్త వెన్న బిస్కెట్లలో వేశాను, మా పిల్లలు కనిపెట్టేశారు.

తేనె కలపమని కూడా చెబుతారు. మెత్తదనం వస్తుంది గానీ ఆ రంగు, ఆ మాగిన వాసన రావు.

మీవారి సంగతి. మా అత్తకు పదేళ్లుగా షుగర్. ఆమె కూడా ఇదే వాదన చేసింది, బ్రౌన్ అంటే గోధుమ రొట్టె లాంటిదేమో అని. 100 గ్రాముల తెల్ల చక్కెరలో 387 క్యాలరీలు, బ్రౌన్‌లో 380. అంతే తేడా. బెల్లం కూడా ఎక్కువ భాగం చక్కెరే. మడ్డితో పాటు ఇనుము, కాల్షియం కొంచెం వస్తాయి. ఒక బిస్కెట్‌లో ఉండే చెంచాడు చక్కెరలో వాటి లెక్క ఏపాటిది? రక్తంలో షుగర్ పెరగడం దేనితోనైనా పెరుగుతుంది. చేదు కబురు నా నోటితో చెప్పాల్సి వచ్చింది, ఏమనుకోవద్దు.


సీమమిరప, అనంతపురం

అందరికీ చాలా థ్యాంక్స్. వారం రోజుల తర్వాత వస్తున్నా, పెళ్లి జాకెట్లు పదకొండు ఉన్నాయి మరి.

మావారికి ఆ 387, 380 లెక్క చదివి వినిపించాను. "ఏడు తక్కువే కదా" అన్నారు.

ముందుగా కిరాణా కొట్టు. ఈసారి నోరు మెదపకుండా పోయి దిమ్మెలన్నీ వరసగా చూసి, అడుగున ఉన్న ముదురు ఎరుపుది బయటికి లాగాను. గోరంత గిల్లి నోట్లో వేసుకున్నా. ఉప్పు లేదు. కొట్టాయన చూస్తూనే ఉన్నాడు గానీ ఏమీ అనలేదు.

మొదటిసారి పాకం తప్పింది. తప్పు నాదే. వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టానో లేదో, ఎదురింటామె కొలతలకు జాకెట్ తీసుకుని వచ్చింది. చంక దగ్గర పడుతోంది, అర అంగుళం వదలమని చెప్పడానికి పావుగంట. సన్న మంటే కదా అని నేను కూడా నింపాదిగా విన్నాను. వచ్చి నీళ్లలో చుక్క వేస్తే గోళీలా ఉండ కట్టింది. పోనీలే, చూద్దాం అని చక్కెర మీద పోశాను. చేయి పెట్టే లోపే చక్కెరా పాకం కలిసి రాయి అయి కూర్చున్నాయి. రోకలితో కొట్టాను. మిక్సీలో వేస్తే పక్కింటి వాళ్లు గోడ మీంచి తొంగి చూశారు, అంత శబ్దం. ఆ పొడి పారేయలేదు. వారం నుంచి టీలోకి అదే, బాగానే ఉంది.

రెండోసారి తలుపుకు గడియ పెట్టి మొదలుపెట్టాను.

జల్లెడలో ఆగినదాన్ని చూడాలి మీరు. చెరకు పిప్పి నూలు పోగులు, చిన్న చిన్న నల్ల రేణువులు, ఒక చీమ, అడుగున సన్నని ఇసుక. వేళ్లతో రుద్దితే గరగరమంది. ఇంతకాలం పాయసంలో, ఓళిగల్లో ఇదంతా తిన్నామా అనిపించింది. మా జేజి అయితే బెల్లం ఎప్పుడూ నీళ్లలో కరిగించి తెల్లగుడ్డలో వడగట్టేది, చాదస్తం అనుకునేదాన్ని.

పాకం గోరువెచ్చగా అయ్యాక చక్కెర మీద చెంచాతో పోశాను. బురుజు బేకర్ గారు చెప్పింది నిజం, మొదట్లో ఇది కలవదు అనిపించింది. తెల్లగా ఒకచోట, తేనె రంగు ముద్దలు ఒకచోట. అరచేతుల మధ్య వేసుకుని రుద్దుతూ పోతే ముద్దలు చిట్లి రంగు మెల్లగా అంతటా పాకింది. ఎప్పటికి ఆపాలో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. అత్తిరసాలకు తడిపిండి చూస్తాం కదా, పిడికిట్లో పట్టి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విరిగిపోవాలి. సరిగ్గా అట్లా వచ్చినప్పుడు ఆపేశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఓళిగ పూర్ణం ఉడికేటప్పటి వాసన. తర్వాత దాన్ని పిండి జల్లెడలో జల్లించాను, పైన ఆగిన ఉండలు చేత్తో నలిపేశాను. 120 గ్రాముల బెల్లం, 300 చక్కెర, చివరికి తూకం వేస్తే 410 గ్రాములు తేలింది. మిగతాది గిన్నెకు, జల్లెడకు, నా చేతులకు.

కప్పులో అదిమి కొలిచాను. ప్యాక్డ్ అంటే ఏమిటో ఇప్పుడు తెలుసు కదా! 240 మిల్లీలీటర్ల కప్పులో 210 గ్రాములు పట్టింది. అంతకు ముందు నేను వాడింది టీ గ్లాసు, అది కూడా ఒప్పుకుంటున్నా.

మొదటి ట్రే కొంచెం పారాయి, కానీ దోసెలు కాలేదు, ఊతప్పాలంత. మన అనంతపురం మే నెల, వంటింట్లో ఫ్యాన్ వేస్తే ఓటీజీ చల్లారుతుందని ఆపేశాను, వెన్న గిన్నెలోనే కారిపోతోంది. రెండో ట్రేకు పిండి ముద్దను ఫ్రిజ్‌లో గంట పెట్టాను. అవి గుండ్రంగా, మధ్యలో ఉబ్బి, అంచు మాత్రం ఎర్రగా వచ్చాయి. చల్లారాక విరిస్తే పట్‌మనలేదు, నెమ్మదిగా వంగి తెగింది. మావాడికి వీడియో కాల్‌లో విరిచి చూపించాను. "ఇంకొకటి విరువు" అన్నాడు. మూడు విరిపించాడు.

మావారికి రోజుకు సగం బిస్కెట్ అని ఒప్పందం. డబ్బాలో లెక్క చూస్తే ఒప్పందం నడవడం లేదని తెలుస్తోంది.

ఇప్పుడు కొత్త సమస్య. మిగిలిన బ్రౌన్ షుగర్ స్టీలు డబ్బాలో పోశాను. నాలుగో రోజుకు ఇటుక అయింది. చెంచా దిగడం లేదు. తడి పోయిందని అర్థమైంది, మన ఊరి ఎండకు నిలబడిన మనిషే ఎండిపోతాడు. నీళ్లు చల్లితే కరిగిపోతుందేమో అని భయం. ఏం చేయాలి?


బురుజు బేకర్, కర్నూలు

నీళ్లు చల్లొద్దక్కా. బ్రెడ్ ముక్క ఒకటి డబ్బాలో వేసి మూత గట్టిగా పెట్టండి. ఒక రోజుకు బ్రెడ్ అట్టలా ఎండిపోతుంది, చక్కెర మెత్తబడుతుంది. ఆపిల్ ముక్క కూడా పనిచేస్తుంది, అయితే రెండో రోజే తీసేయాలి, బూజు పడుతుంది. అర్జెంటు అయితే తడిపి పిండిన గుడ్డ కప్పి మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు. చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది, వెంటనే వాడేయాలి.

పిండి ఫ్రిజ్‌లో పెట్టడం చెప్పడం మర్చిపోయాను, మీరే కనిపెట్టారు.


పెన్నొడ్డు, చెన్నూరు (కడప)

బ్రెడ్డూ వద్దు, ఆపిలూ వద్దు. నీళ్ల కుండ పగిలిన పెంకు ఉంటే అరచేతిలో సగమంత ముక్క తీసుకో తల్లీ. రంగు వేసిన కుండది కాదు, ఉత్త మట్టిది. బాగా కడిగి, పావుగంట నీళ్లలో నానబెట్టి, పైతడి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టు. కుండ నీళ్లను ఎట్లా చల్లగా ఉంచుతుందో అదే గుణం, తడిని లోపల దాచుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది. వారానికోసారి మళ్లీ నానబెట్టు. బూజు పట్టదు. డబ్బా మాత్రం మూత బిగుతుగా ఉన్నది చూసుకో, గాలి ఆడితే పెంకు ఉన్నా లాభం లేదు.


తాడిపత్రి కోడలు

చీమల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? బెల్లం వాసనకు మూత బిగించినా వస్తాయి. పళ్లెంలో నీళ్లు పోసి డబ్బా అందులో పెట్టండి. ఈ కొలత ఎక్కువ చేసి నిల్వ పెట్టడం కన్నా నెలకు సరిపడా చేసుకుంటేనే మేలు.

మరొకటి, ఈ చక్కెర మిగిలింది కదా అని కాగే పాలలో వేసేరు. నేను వేశాను, విరిగిపోయాయి. బెల్లం పాయసానికి చేసినట్టే దించి, వేడి తగ్గాక కలపాలి.


సీమమిరప, అనంతపురం

పెంకు పెట్టాను. పోయిన నెల పగిలిన మా కుండదే, పెరట్లో తులసి కోట పక్కన పడి ఉంటే ఏరుకొచ్చా. నిన్న రాత్రి పెట్టి ఇవాళ మధ్యాహ్నం చూస్తే అంచుల దగ్గర చెంచా దిగుతోంది, నడిమధ్యలో ఇంకా గట్టిగానే ఉంది. రేపటికి చూడాలి. మావారు డబ్బా తెరిచి, "ఇదేంది, చక్కెరలో కుండ పెంకు?" అన్నారు. ఆ డబ్బా ఎందుకు తెరిచారో నేను అడగలేదు.

పాల సంగతి ముందే చెప్పి బతికించారు. ఆదివారం కేకుకు పాలు కాచి పోద్దామనుకుంటున్నా.

పెద్దాయనా, మీ కొలతతోనే అయింది ఇదంతా. మీకు ఒక డబ్బా బాకీ ఉన్నాను.


పెన్నొడ్డు, చెన్నూరు (కడప)

బాకీ అన్నావు కాబట్టి అడుగుతున్నా తల్లీ. నాకు పైపళ్లు నాలుగే మిగిలాయి. రెండో ట్రేవి పంపు, ఆ మెత్తవి.


సీమమిరప, అనంతపురం

వచ్చే శనివారం మావారు పెళ్లికి కడప వస్తున్నారు, ఇచ్చి పంపిస్తా. దారిలో తినకుండా డబ్బాకు టేపు వేస్తా. అందులో గుడ్డు ఉంటుంది, మీరు తింటారు కదా?


పెన్నొడ్డు, చెన్నూరు (కడప)

తింటాను. శనివారం తప్ప.